పెద్ద గోరీ మాది

ఈసారి పెద్దల అమావాస్య ఆదివారం వచ్చింది. మా ఊరి కొండ కింద పాత శివాలయం ముందు తిరుపతి నుంచి వచ్చిన ఒక చిన్న బస్సు ఆగి, అందులోంచి టోపీలు పెట్టుకున్న పిల్లలు బిలబిలమంటూ దిగారు. పాత గుళ్ళు, కోటలు, రాజుల సమాధులు వెతుక్కుంటూ తిరగడం వాళ్ళకు సెలవునాటి సరదా అట. మంచిదే. మా కాలంలో వాటిని మేకలు తప్ప ఎవరూ అంత శ్రద్ధగా చూసేవారు కాదు.

నేను ఇత్తడి క్యారియర్ పక్కన పెట్టుకుని మండపం మెట్టు మీద కూర్చుని ఉన్నాను. స్తంభానికి వీపు ఆనించలేదు. ఆనుకుని కూర్చోవడం మా ఇంట్లో లేదు. ఒక అమ్మాయి ఫోను నా ముఖం ముందు పెట్టింది.

"మేడమ్, మీరు ఇక్కడి పాలెగాళ్ళ వంశం అని ఊళ్ళో చెప్పారు. ఈ రెండు సమాధుల్లో మీది ఏది?"

"నేనింకా బతికే ఉన్నాను," అన్నాను.

ఆ పిల్ల నాలుక కరుచుకుని, "అంటే మీ పూర్వీకులది మేడమ్," అంది.

ఎదురుగా రెండు సమాధులూ ఎండలో మెరుస్తున్నాయి. గుమ్మటంతో, నాలుగు స్తంభాలతో ఒకటి పెద్దది. పైకప్పు కూలి, నడుము వంగిన ముసలివాడిలా ఉన్నది చిన్నది. ఆ పిల్ల సులువుగా అడిగేసింది గానీ, నా చిన్నప్పుడు ఆ ప్రశ్న మీద రెండు కుటుంబాల పరువు నిలబడి ఉండేది.

మా ఇంటిని ఊళ్ళో 'నగరు' అనేవాళ్ళు, రాజుల ఇల్లని. నేను పుట్టేనాటికి ఆ నగరులో వాన కురవని గదులు రెండే మిగిలాయి. ఒకదాంట్లో మేముండేవాళ్ళం, రెండోదాంట్లో వేరుశనక్కాయలుండేవి. వాన మరీ ముదిరితే మంచి గది కాయలకు వదిలేసేవాళ్ళం. పూర్వం ఏనుగు నిలబడిన చోట అవ్వ గోంగూర వేసింది. వంశపు కత్తి గుమ్మడికాయలు కొట్టడానికి పనికొచ్చేది. పల్లకీ ఒకటి పంచలో ఉండేది. మా కోళ్ళు అందులో పొదిగేవి. ఈ జిల్లాలో ఇంకెవరి కోళ్ళకైనా ఆ భోగం పట్టిందని నేను వినలేదు.

మా నాయనకు రేణిగుంటలో రైలు స్టేషన్ ఉద్యోగం. జెండా ఊపే పని. అది మా తాతకు తలవంపుగా ఉండేది. నాయన సెలవు మీద వచ్చినప్పుడల్లా తాత అనేవాడు: "మనోళ్ళు జెండా ఊపితే దండు కదిలేది. నువ్వు ఊపితే గూడ్సు కదల్తాది. ఏదో ఒగటి కదల్తాండాది గదా, ఊపుకో నాయనా."

నన్ను మాత్రం తాత తన దగ్గరే ఉంచుకున్నాడు. వంశం గురించి ఎవరికో ఒకరికి చెప్పాలి కదా. చెప్పడానికి ఆయన ఎంచుకున్న బడి పాత గుళ్ళు. తలపాగా చుట్టి, చేతికర్ర పట్టుకుని, నన్ను వెంటేసుకుని చుట్టుపక్కల శిథిలాలన్నీ తిప్పేవాడు. గబ్బిలాల కంపు, ఆముదం దీపం వాసన, తడిసిన నల్లరాతి చల్లదనం, ఇవి కలిస్తే ఇప్పటికీ నాకు తాత గొంతు వినిపిస్తుంది. ఆయన లెక్కలో ఈ సీమలో మావాళ్ళు కట్టించని గుడి లేదు.

"తాతా, ఇది చోళులు కట్టినారని బోర్డు ఉండాది," అన్నాను ఒకసారి.

"కట్టింటారు, కాదనలేదే. తంజావూరు నించి వచ్చి ఈడ రాళ్ళు మోసినారా ఆయప్పలు? బండ్లు ఎవురివి? మనవి."

చంద్రగిరి కోటకు తీసుకుపోయినప్పుడు, ఖాళీ రాజమహల్ ముందు తాత చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అక్కడి కాపలాదారుకు జాలేసింది. "పెద్దాయనా, ఈడ దేవుడు లేడు. ఎండకు కాళ్ళు కాల్తాయి, చెప్పులేసుకో," అన్నాడు.

"దేవుడు లేకుంటే పోనీ. రాజు లేడని నీకెవురు చెప్పినారు?" అన్నాడు తాత.

కాపలాదారు అటూ ఇటూ చూసి, ఎందుకైనా మంచిదని బీడీ ఆర్పేశాడు.

అన్ని యాత్రలూ చివరికి మా ఊరి కొండ కింద ఈ రెండు గోరీల దగ్గరికే చేరేవి. వీటి కథ ఇదీ. ఏటికి ఇవతల మా పాలెం, అవతల వాళ్ళ పాలెం. ఏదో ఒక కాలంలో మా పెద్దాయనా, వాళ్ళ పెద్దాయనా ఈ కొండ కింద కత్తులు దూసుకుని ఒకే రోజు నేలకొరిగారు. ఊళ్ళవాళ్ళు ఇద్దరికీ ఇక్కడే గోరీలు కట్టారు. మావాళ్ళు చెప్పేదేమంటే, మా పెద్దాయన యుద్ధం గెలిచి, ఆ తరువాత చనిపోయాడు. వాళ్ళాయన ముందు ఓడి, ఆ తరువాత చనిపోయాడు. దీనికి తాత చూపించే సాక్ష్యం గుమ్మటం.

"ఓడిపోయినోడికి గుమ్మటం ఎవుడు కడతాడు? పెద్ద గోరీ మనది. అంటే గెలిచింది మనం."

ఆ మాటకు ఎవరైనా నవ్వినట్టు అనుమానం వస్తే చాలు, కాణిపాకం ఎత్తేవాడు. "వినాయకుడి కోనేట్లో మునిగి, తడిబట్టల్తో ఆయప్ప ముందర నిలబడి ప్రమాణం చేస్తా, పెద్ద గోరీ మాదే అని. ఏటవతలోళ్ళు వస్తారా?" మా వైపు కాణిపాకం ప్రమాణం అంటే ఆషామాషీ కాదు. దొంగతనం చేసినవాడు కూడా బస్సు ఎక్కకముందే ఒప్పేసుకుంటాడు.

ఏటవతలివాళ్ళు నామాలు పెట్టుకునే కుటుంబం. భుజాల మీద శంఖచక్రాల ముద్రలు వేయించుకున్నవాళ్ళు. ఉల్లిపాయ కూడా ముట్టరు. మేము విభూతి పెట్టేవాళ్ళం. మా పెద్దలకు మేకమాంసం పెట్టకపోతే ఇంట్లో నిద్రపట్టదు. ఆ ఇంటికి పెద్ద ఒక ముసలామె. పొడుగ్గా, చేతికర్ర కన్నా నిటారుగా ఉండేది. వాళ్ళ నగరు కూడా కురుస్తుందని విన్నాం. అది మాకు కొంత ఊరటగా ఉండేది.

మా వంశంలో ఒక ఆచారం ఉంది. పెద్దల అమావాస్యకు ముందు ఇంటిపెద్ద తన చేత్తో గోరీకి సున్నం కొట్టాలి. కూలివాళ్ళకు ఇవ్వకూడదు. పాత సున్నం గీకకూడదు. తాత తలపాగా తీయకుండానే బొక్కెన పట్టుకుని సున్నం కొట్టేవాడు. అట్లా తరతరాలుగా పొర మీద పొర పడి, మా గోరీ ఏటేటా కాస్త లావవుతూ వచ్చింది. తాత దాన్ని వంశాభివృద్ధి అనేవాడు. ఏటవతలివాళ్ళు తమ చిన్న గోరీకి ఎర్రమన్ను మెత్తేవాళ్ళు. ఆ మన్ను కింద ఏముందో ఎవరూ ఎరుగరు.

అమావాస్యనాడు అవ్వ తెల్లవారకముందే పొయ్యి రాజేసేది. ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి వేయించి నూరుతుంటే ఆ వాసనకు కోళ్ళు కూడా పల్లకీ దిగి వచ్చేవి. కుండ నిండా వేటకూర, రాగిసంగటి ముద్దలు, ఉల్లిపాయలు దండిగా వేసిన అలసంద వడలు, ఒక ముంత కల్లు. ఇవన్నీ గంపలో పెట్టుకుని పొద్దున్నే వచ్చి, పెద్ద గోరీ ముందు ఆకు పరిచేవాళ్ళం. ఎండెక్కే వేళకు ఏటవతలివాళ్ళ బండి వచ్చేది. చక్కెరపొంగలి, పులిహోర, పెరుగన్నం. బండి చప్పుడు వినపడగానే తాత "తిరగండి" అనేవాడు. మేమంతా కొండ వైపు తిరిగిపోయేవాళ్ళం. వాళ్ళు ఏటి వైపు తిరిగిపోయేవాళ్ళు. చాలా ఏళ్ళ దాకా వాళ్ళ ముఖాలు నాకు సరిగా తెలియవు. వీపులైతే జనంలో కూడా గుర్తుపట్టేదాన్ని.

ఒక్క ముఖం మాత్రం తెలుసు. ఆ ముసలామె మనవడు. నా ఈడువాడు. పెద్దలు అటూ ఇటూ తిరిగి నిలబడి ఉండగా మేమిద్దరం గుడి వెనక, రాతి ఏనుగులు చెక్కిన గోడ చాటున కలిసేవాళ్ళం. స్నేహం కోసమేమీ కాదు.

"మే, ఎముక పెద్దది తెచ్చినావా?"

"ముందు పొంగలి చూపించు."

"ఇదో, జీడిపప్పు కూడా ఉండాది. ఏదీ, సూడనీ. ఇంత చిన్నదా? పోయినేడు ఇంతకంటే పెద్దది తెచ్చినావు."

"పోయినేడు మేక పెద్దది."

మోదుగాకు దొన్నెలు చేతులు మారేవి. అటువైపు తిండి ఇంత కమ్మగా ఉంటే వాళ్ళతో యుద్ధం ఎందుకు చేశామో నాకు అర్థమయ్యేది కాదు.

ఆ ఏడాది వానలు విడవకుండా పట్టాయి. వేరుశనక్కాయలు మా గదిలోకి, మేము పంచలోకి మారాం. అమావాస్యనాటి పొద్దున వాన తెరిపిచ్చాక గంప ఎత్తుకుని గోరీ దగ్గరికి వచ్చాం. చూస్తే, గుమ్మటం కింద ముందుగోడ మీది సున్నం అట్టలు అట్టలుగా ఊడి నేల మీద పడి ఉంది. వంశాభివృద్ధి అంతా బురదలో కలిసింది. లోపలి నల్లరాయి కడిగిన అద్దంలా ఉంది. దాని మీద నిలువెత్తు నామం. ఒక పక్క శంఖం, ఒక పక్క చక్రం.

అవ్వ గంప దించి, కొంగుతో ముఖం తుడుచుకుని, దగ్గరికి వెళ్ళి చూసి వచ్చింది.

"ఏమయ్యా, మన పెద్దాయన ఎప్పుడు నామం పెట్టుకున్యాడు?"

"పెండ్లికి పోయినప్పుడు పెట్టుకోనుంటాడు. మర్యాదకు."

"రాయి మీదనా?"

తాత కర్రతో బురద కెలుకుతూ నిలబడ్డాడు. నేను ఈలోగా చిన్న గోరీ వైపు పరుగెత్తాను. ఎర్రమన్ను కరిగిపోయి, కింద నంది మూపురం తేలింది. దానిపైన రాతిలో మూడు అడ్డ గీతలు. మా ఇంటి విభూతి.

"తాతా! విభూతి ఈడ ఉండాది! నంది కూడా ఉండాది!"

"నోరు ముయ్యి. ఆ పక్క సూడగూడదని చెప్పలేదా?"

అవ్వ మెట్టు మీద కూలబడింది. తాత గెలుపు, ఓటమి ఆమెకు పట్టలేదు. ఆమెకు వేరే సంగతి తట్టింది.

"అయితే మన పెద్దాయన ఇన్ని తరాలుగా ఆడ కూసోని పెరుగన్నం తింటాండాడా? ఈడ్నించి వేటకూర వాసన వస్తాంటే, పక్కకు తిరిగి సూస్తా, పెరుగన్నం తింటాండాడా?"

తాత చిన్న గోరీ వైపు చూశాడు. ఆయన ముఖం అట్లా ఉండటం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. గుమ్మటం వాళ్ళదని ఒప్పుకుంటే మా పెద్దాయన ఓడినట్టు. ఒప్పుకోకపోతే మా పెద్దాయన పస్తున్నట్టు. ఆయన రెండింటి మధ్యా నిలబడి ఉండగానే బండి చప్పుడు వినిపించింది. ఆ రోజు "తిరగండి" అని ఎవరూ అనలేదు.

ముసలామె బండి దిగింది. నామం చూసింది. నందిని చూసింది. గుడి పూజారిని పిలిచి మధ్యలో నిలబెట్టింది. రెండు కుటుంబాలూ నేరుగా మాట్లాడుకునే ఆచారం లేదు. ఇక గుమ్మటం పోయిందనే అనుకున్నాను.

"సామీ, ఆయప్పకు చెప్పు. ఆ నామం మాది కాదు."

తాత కర్ర జారింది. "సామీ, ఎందుకు కాదో ఆయమ్మను అడుగు."

"మా పెద్దాయన ఉల్లిపాయ కోసిన కత్తి తగిల్తే కాయ పారేసే మనిషి. ఆ గోరీ ముందర వీళ్ళు తరతరాలుగా మాంసం పెట్టినారు, కల్లు పోసినారు. అది మాదంటే మా గురువు మమ్మల్ని మఠం గడప తొక్కనిస్తాడా? ఎవురో పోకిరోళ్ళు గీసిన నామం అని చెప్పు."

"అట్లయితే ఆ నంది కూడా పోకిరి నందే అని చెప్పు."

పూజారి అటూ ఇటూ చూశాడు. "ఇద్దురికీ ఇనపడ్తానే ఉండాది గదా, నేను మళ్ళా చెప్పాల్నా?"

"చెప్పు," అన్నారిద్దరూ.

ముసలామె ఒక అడుగు ముందుకేసింది. "సామీ, ఈయప్ప ఏటా కాణిపాకంలో ప్రమాణం చేస్తానంటాడంటనే. బండి కట్టే ఉండాది, ఎక్కమను."

తాత చెయ్యి మెల్లగా మోకాలి మీదికి పోయింది. "మోకాలు నొప్పి. కోనేటి మెట్లు దిగలేనని చెప్పు."

"మా బండోడు ఎత్తుకోని దింపుతాడని చెప్పు."

"ఆయమ్మే పోయి ప్రమాణం చేయొచ్చు గదా అని చెప్పు."

"ఈ వయసులో తడిబట్టల్తో నిలబడితే జలుబు చేస్తాదని చెప్పు."

వాళ్ళ వ్యవహారం తెమిలేట్టు లేదని నేనూ, ఆ పిల్లవాడూ గోడ చాటుకు వెళ్ళాం. మా పని మాకుంది. దొన్నెలు మార్చుకున్నాం. అతను ఎముక నోటి దగ్గర పెట్టుకున్నాడో లేదో, గుళ్ళో తిరిగే కుక్క ఒకటి ఎగిరి దాన్ని లాక్కుపోయింది. పిల్లవాడు ప్రాణం పోయినట్టు కేక పెట్టి దాని వెంటపడ్డాడు.

"నా ఎముక! నా ఎముక!"

కుక్క రెండు కుటుంబాల నడుమ నుంచి, పూజారి కాళ్ళ సందులోంచి దూరి పోయింది. పిల్లవాడు సరిగ్గా వాళ్ళ అవ్వ ముందు ఆగాడు. నామం నొసట మెరుస్తోంది. దాని కింద మూతి నిండా మసాలా. వెనకే నేను మోచేతుల దాకా నెయ్యి కారుతూ వచ్చి నిలబడ్డాను.

"ఎన్నాళ్ళ నించిరా ఇది?" అంది ముసలామె.

"ఎప్పుడూ కాదవ్వా. పెద్దల అమావాస్యకు మాత్రమే," అన్నాడు వాడు, అదేదో నోములాగా.

తాత నా వైపు తిరిగాడు. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను.

"వాళ్ళ కూడు తిన్యావా?"

"తిన్యాను తాతా."

"ఎట్లుండాది?"

కళ్ళు తెరిచాను. ఆయన నిజంగానే అడుగుతున్నాడు.

"బాగుండాది. నెయ్యి దండిగా ఏస్తారు."

తాత పెద్దగా ఊపిరి వదిలాడు. "పోనీలే. మనోడు పస్తయితే లేడు," అన్నాడు తనలో తాను. తరువాత ఆ పిల్లవాడిని చూశాడు. మా వంశపు పెద్దలు ఆ వంశంతో నేరుగా మాట్లాడిన మొదటి మాట ఇది: "కూర ఎట్లుండాదిరా?"

"ఉప్పు ఒగింత తక్కువ."

"తక్కువా!" అంటూ అవ్వ లేచింది. పూజారి అడ్డం వెళ్ళకపోతే యుద్ధం మళ్ళీ మొదలయ్యేదే.

తాత తలపాగా సరిచేసుకుని, పూజారి వైపు తిరిగి, దర్బారులో తీర్పు చెప్పినట్టు చెప్పాడు. "సామీ, గోరీలు మారేది లేదు. పెద్దది మాది. చిన్నది వాళ్ళది. అయితే ఇరుగుపొరుగు పాలేలోళ్ళం. పండగపూట కూడు ఇచ్చిపుచ్చుకునేది పాతకాలం నించి ఉండే మర్యాద. మా ఇంట్లో వండింది ఆయమ్మ తీస్కోని వాళ్ళ గోరీ ముందర పెట్టుకోవచ్చు. ఆయమ్మ తెచ్చింది మేం తీస్కోని మా గోరీ ముందర పెట్టుకుంటాం."

ముసలామె నామం వైపు ఒకసారి, నంది వైపు ఒకసారి చూసింది. తన పెద్దాయన ఇకనైనా శుభ్రమైన కూడు తింటాడన్న సంగతి ఆమెకూ తెలిసే ఉంటుంది.

"మర్యాదకైతే సరేనని చెప్పు," అంది.

ఆ విధంగా సంధి కుదిరింది. ముసలామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దారి చూపిస్తే, మనవడు కూరకుండ మోశాడు. అంత భక్తితో ఆ ఇంట్లో ఎవరూ ఏ బరువూ మోసి ఉండరు. ఆకులో వడ్డిస్తుంటే ఒక వడ జారి మట్టిలో పడబోయింది. ఉల్లిపాయ వడ. ముసలామె చటుక్కున వంగి దాన్ని వేలికొసతో ఆకులోకి నెట్టింది. వెంటనే చెయ్యి కడుక్కుంది కూడా.

ఇటు తాత చక్కెరపొంగలి తన చేత్తో నామం ముందు పెట్టాడు. పక్కనే ఉన్నాను కాబట్టి వినపడింది. "తిను పెద్దాయనా. ఇంగ మాంసం ఉండదులే."

ఎండ రాగానే తాత ఆ నామం మీద మళ్ళీ సున్నం కొట్టాడు. మునుపటంత మందంగా కొట్టలేదు. పలచగా ఒక్క పూత. వాన పడితే కనపడేంత. ఆ తరువాత ఆయన నోట కాణిపాకం ఊసు రాలేదు. ఆ ఊరి బస్సు ఎదురైతే తల పక్కకు తిప్పుకునేవాడు.

తాత పోయాడు. అవ్వ పోయింది. ఏటవతలి ముసలామె పోయింది. నగరు స్థలంలో ఇప్పుడు మామిడిగుజ్జు ఫ్యాక్టరీవాళ్ళ గోదాము ఉంది. పల్లకీ ఏమైందో తెలియదు. గుడిగోడ మీద రాతి ఏనుగుల తొండాలు అరిగిపోయాయి. ఆ రెండు గదుల వాన చప్పుడు వినాలని ఒక్కోసారి అనిపిస్తుంది. ఈ సంగతి పైకి చెప్పుకోవడం మా ఇంటి పద్ధతి కాదు.

ఆ అమ్మాయి ఇంకా ఫోను పట్టుకునే ఉంది. అప్పుడే ఆటో ఒకటి వచ్చి ఆగింది. నామం పెట్టుకున్న ఒక ముసలాయన స్టీలు డబ్బా పట్టుకుని మెల్లగా దిగాడు. ఆయన మాంసం, నేను తీపి తినకూడదని ఇద్దరు డాక్టర్లూ గట్టిగానే చెప్పారు.

"మే, ఎముక తెచ్చినావా?"

"ముందు పొంగలి చూపించు," అన్నాను.

డబ్బా, క్యారియర్ చేతులు మారాయి. ఆయన కూర పట్టుకుని నంది వైపు నడిచాడు. నేను పొంగలి పట్టుకుని, వీపు నిటారుగా పెట్టి లేచాను.

"పెద్ద గోరీ మాది," అన్నాను ఆ అమ్మాయితో.

ఆ పిల్ల గుమ్మటం వైపు ఫోను ఎత్తి, దగ్గరగా చూసింది. రాత్రి వాన పడినట్టుంది.

"కానీ మేడమ్, దీని మీద నామం ఉందే?"

"పెండ్లికి పోయినప్పుడు పెట్టుకుని ఉంటాడు," అన్నాను. "మర్యాదకు."